ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఫార్మల్ డిన్నర్: బుకింగ్ నుంచి మైనపు మరక దాకా

ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో సీటు వచ్చి, అక్టోబరు మొదట్లో గదిలో సామాను దించుకుని వారం తిరక్కముందే కాలేజీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఫలానా రోజు మెట్రిక్యులేషన్ (అంటే కొత్తవాళ్లని యూనివర్సిటీలో చేర్చుకునే వేడుక) డిన్నర్, గౌను తప్పనిసరి, తిండి విషయంలో నియమాలుంటే ఈ తేదీలోగా చెప్పండి అని. అది చూడగానే చాలామంది ఫోర్కు పట్టుకోవడం నేర్పే వీడియోలు వెతుకుతారు. అంత కంగారు అక్కర్లేదు. ఫోర్కు తప్పు చేత్తో పట్టుకుంటే పక్కవాళ్లు గమనించను కూడా గమనించరు. మెయిల్‌కి జవాబు రాయకపోతే మాత్రం శాకాహారి ముందుకు గొర్రె మాంసం వచ్చి కూర్చుంటుంది. ఫార్మల్‌లో జరిగే పొరపాట్లు చాలావరకు హాల్లో అడుగు పెట్టకముందే జరిగిపోతాయి. అందుకే ఇక్కడ సగానికి పైగా సంగతులు బల్ల దగ్గరికి చేరకముందువే.

ఇది పార్టీ కాదు, బంతి

మామూలు రోజుల్లో కాలేజీ హాల్లో ట్రే పట్టుకుని వరసలో నిలబడి, కావలసింది పెట్టించుకుని, తినేసి వెళ్లిపోతారు. ఫార్మల్ హాల్ వేరు. అదే గదిలో పొడవాటి బల్లల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. కూర్చున్న చోటికే వడ్డిస్తారు. మూడు వంటకాలు వరసగా వస్తాయి: ముందు స్టార్టర్, తర్వాత మెయిన్, చివర తీపి. గదికి ఒక కొసన, చాలాచోట్ల ఒక మెట్టు ఎత్తులో, అడ్డంగా వేసిన బల్ల పేరు హై టేబుల్. అక్కడ కాలేజీ పెద్ద, ఫెలోలు, వాళ్ల అతిథులు కూర్చుంటారు. ఫెలో అంటే కాలేజీ సభ్యత్వం ఉన్న అధ్యాపకుడో పరిశోధకుడో. 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసర్‌గా ఉన్న మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆల్ సోల్స్ కాలేజీలో అలాంటి ఫెలోనే. కాలేజీ పెద్దకి మాత్రం చోటుకో పేరు: మాస్టర్, వార్డెన్, ప్రిన్సిపల్, ప్రోవోస్ట్, రెక్టర్. క్రైస్ట్ చర్చ్‌లో అయితే డీన్. మీ కాలేజీలో ఏమంటారో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

పెళ్లి బంతిలో కూర్చుని తిన్నవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అందరి విస్తళ్లలోనూ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద కలపరు. పక్కవాళ్లు తింటుండగా విస్తరి ముందు నుంచి లేవరు. ఫార్మల్‌లోని ముఖ్య నియమాలు ఆ రెండే. గౌను, లాటిన్ ప్రార్థన, వరస చెంచాలు అన్నీ వాటి చుట్టూ కట్టిన అలంకారం.

కొన్ని కాలేజీల్లో వారంలో చాలా రోజులు ఫార్మల్ ఉంటుంది, కొన్నిటిలో వారానికోసారి, ఇంకొన్నిటిలో అంతకన్నా తక్కువ. డరమ్ యూనివర్సిటీ కాలేజీల్లోనూ ఈ పద్ధతి ఉంది కానీ గౌను విషయంలో అక్కడ ఏ కాలేజీకి ఆ కాలేజీయే. కొన్ని వేసుకోమంటాయి, కొన్ని అసలు వాడవు.

బుకింగ్

చోటు కాలేజీ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవాలి. సాధారణంగా భోజనానికి రెండు మూడు పనిదినాల ముందే బుకింగ్ మూసేస్తారు. పనిదినాలు అన్న మాట జాగ్రత్తగా చదవండి. మంగళవారం రాత్రి ఫార్మల్ అయితే గడువు గురువారమో శుక్రవారమో అయిపోతుంది, శనాదివారాలు లెక్కలోకి రావు. గడువు దాటాక రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు, ఎందుకంటే ఆపాటికి వంటింటివాళ్లు లెక్క కట్టి సరుకు తెప్పించేసి ఉంటారు.

ధర కాలేజీని బట్టి మారుతుంది. మామూలు ఫార్మల్‌కి బయటి రెస్టారెంట్‌లో మూడు వంటకాల భోజనం కన్నా తక్కువే పడుతుంది. ప్రత్యేక విందులకి ఎక్కువ. చాలాచోట్ల అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, టర్మ్ చివర వచ్చే కాలేజీ బిల్లులో కలుపుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ బిల్లు పేరు బ్యాటల్స్. నాలుగు ఫార్మల్స్, ప్రతిదానికీ ఒక అతిథి అనుకుంటే ఆ బిల్లు చూసి గుండె జారుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోండి.

అతిథిని తీసుకెళ్లాలంటే వాళ్ల పేరు మీద విడిగా టికెట్టు తీసుకోవాలి. ఎంతమందిని తేవచ్చో పరిమితి ఉంటుంది. మెట్రిక్యులేషన్ డిన్నర్ లాంటివాటికి బయటివాళ్లని రానివ్వరు. వేరే కాలేజీ హాలు చూడాలని ఉంటే అక్కడ చదివే స్నేహితులెవరైనా పిలవాలి, తర్వాత మీరు వాళ్లని మీ కాలేజీకి పిలవాలి. ఇచ్చిపుచ్చుకోవడమే పద్ధతి. విద్యార్థి సంఘాలు రెండు కాలేజీల మధ్య ఇలాంటి మార్పిడి భోజనాలు మూకుమ్మడిగా ఏర్పాటు చేస్తాయి, వాటిని స్వాప్ అంటారు. పరిచయాలు లేని మొదటి టర్మ్‌లో అదే సులువైన దారి. చెప్పేటప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త. మాగ్డలెన్ అని రాసి ఉన్నదాన్ని మాడ్లిన్ అనాలి. కేంబ్రిడ్జ్‌లో కైయస్ అని కనిపించేది నోట్లో కీజ్ అవుతుంది.

ఎనిమిది వారాల టర్మ్ డిసెంబరు మొదట్లోనే అయిపోతుంది కాబట్టి క్రిస్మస్ విందులు నవంబరు చివరి వారాల్లోనే జరిగిపోతాయి. నవంబరు 25ని కేంబ్రిడ్జ్‌లో బ్రిడ్జ్‌మస్, ఆక్స్‌ఫర్డ్‌లో ఆక్స్‌మస్ అని ముద్దుగా పిలుస్తారు. వీటికి టికెట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. బుకింగ్ తెరిచే సమయానికి ఫోన్‌లో అలారం పెట్టుకోవడం అతి కాదు.

మనవాళ్లు చూసుకోవాల్సిన లెక్క ఇంకొకటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈ మైకెల్మస్ టర్మ్‌లోనే కార్తీక మాసం పడుతుంది. సోమవారం ఉపవాసాలు, నాగుల చవితి, నెలంతా నీచు ముట్టని నియమం ఉన్నవాళ్లు బుక్ చేసే ముందు క్యాలెండర్ ఒకసారి తిప్పి చూసుకోవాలి. గడువు దాటాక గుర్తొస్తే డబ్బు పోతుంది, భోజనమూ ఉండదు.

వంటింటికి రాసే నోటు: అసలు పని ఇక్కడే

1914లో కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీకి వెళ్లిన శ్రీనివాస రామానుజన్ తన గదిలోనే వండుకుని తిన్నారు. ఇప్పుడు ఆ అవస్థ లేదు. చాలా కాలేజీల వంటిళ్లలో శాకాహారం, వీగన్, హలాల్, గ్లూటెన్ లేనివి వండుతారు. కానీ వాళ్లు మీరు రాసిన మాటల ప్రకారం వండుతారు, మీ మనసులో ఉన్నదాని ప్రకారం కాదు. అక్కడే తేడా వస్తుంది.

ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారని అర్థం. మనం వెజిటేరియన్ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే స్టార్టర్‌లో ఉడికించిన గుడ్డు వస్తుంది, కేకులో ఎలాగూ ఉంటుంది. గుడ్డు వద్దనుకుంటే ఆ మాట విడిగా రాయాలి. వీగన్ అని టిక్కు పెడితే గుడ్డు పోతుంది, దాంతోపాటే పాలు, వెన్న, ఐస్‌క్రీమ్ కూడా పోయి చివర పళ్ల ముక్కలతో సరిపెట్టుకోవాలి. అయితే భద్రంగా ఉంటుంది. ఏది నయం అంటే: పాల పదార్థాల మీద పెద్ద ఆశ లేకపోతే వీగన్ టిక్కు, ఉంటే విడిగా నోటు.

నోటు పొట్టిగా, వంటవాళ్ల భాషలో ఉండాలి. ఇలా: "నో మీట్, నో ఫిష్, నో ఎగ్స్, నో జెలటిన్, నో మీట్ స్టాక్. డెయిరీ ఈజ్ ఫైన్." మాంసం తింటూ కొన్ని మాత్రమే మానేసినవాళ్లయితే "నో బీఫ్, నో పోర్క్, చికెన్ అండ్ ఫిష్ ఆర్ ఫైన్." సంప్రదాయం, కులం, ఇంటి ఆచారం వివరిస్తూ పేరా రాస్తే వంటింట్లో ఎవరూ చివరిదాకా చదవరు. ఉల్లి, వెల్లుల్లి మానేస్తే ఆ రెండు పేర్లూ రాయండి. కార్తీకం అంటే వాళ్లకి తెలియదు, ఉల్లిపాయ అంటే తెలుసు. వంటలో వైన్, బ్రాందీ కూడా వద్దనుకుంటే "నో ఆల్కహాల్ ఇన్ ఫుడ్" అని చేర్చండి, ఎందుకంటే సాసుల్లో వైన్, ట్రైఫిల్‌లో షెర్రీ, క్రిస్మస్ పుడింగ్‌లో బ్రాందీ మామూలే.

అలెర్జీ వేరే విషయం. దాన్ని ఇష్టాయిష్టాలతో కలిపి రాయకండి. బ్రిటన్ చట్టం 14 అలెర్జీ పదార్థాలను పేరుపేరునా గుర్తిస్తుంది. వేరుశనగ, నువ్వులు, ఆవాలు, గుడ్డు, పాలు, గోధుమ వంటివి అందులో ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చే అలెర్జీ ఉంటే ఫారంలో రాయడమే కాదు, కూర్చున్న వెంటనే వడ్డించేవాళ్లకి కూడా నోటితో చెప్పాలి. ఇక వేరుశనగ ఇష్టం లేక అలెర్జీ అని రాసేవాళ్లున్నారు. ఆ అబద్ధం వల్ల వంటింట్లో ప్రత్యేక బల్ల, ప్రత్యేక గిన్నెలు కడగాల్సి వస్తుంది. అలా చేయొద్దు.

మెనూ కార్డులో మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి. జూ అని పలికే మాటని చూసి జ్యూస్ అనుకుంటారు, అది మాంసం ఉడికించిన రసం. కాన్సొమే తేటగా నీళ్లలా ఉంటుంది కానీ చాలాసార్లు గొడ్డు మాంసపు చారే. గామన్, లార్డాన్, పాన్‌చెట్టా మూడూ పంది మాంసమే. వెనిసన్ జింక. స్వీట్‌బ్రెడ్స్ తీపీ కాదు, బ్రెడ్డూ కాదు, దూడ లేదా గొర్రెపిల్ల గ్రంథులు. బ్లాక్ పుడింగ్‌లో రక్తం ఉంటుంది. మిన్స్ పై అనే క్రిస్మస్ తీపి వంటకంలో మాంసం లేదంటారు, నిజమే. కానీ పాత పద్ధతిలో చేస్తే అందులో సూయెట్, అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు పడుతుంది. బంగాళదుంపలు బాతు కొవ్వులో వేయించడం గొప్పగా భావిస్తారు. పార్మజాన్ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ ఉంటుంది. పన్నకోట, మూస్ లాంటి తీపి వంటకాలు గట్టిపడేది జెలటిన్‌తో, అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. సీజర్ సలాడ్ సాసులోను, వూస్టర్ సాసులోను చిన్న చేపలు ఉంటాయి. జనవరి 25 చుట్టుపక్కల స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్ విందులో వచ్చే హాగిస్ గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులతో చేసేది. తలకాయ కూర, బోటి ఇష్టపడేవాళ్లకి అది పండగే. దానికి శాకాహార రూపం కూడా ఉంది, ముందే అడగాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి: చాలాచోట్ల శాకాహార పళ్లేలు కుర్చీ లెక్కన వస్తాయి. మీ పేరు కార్డు మీద రంగు గుర్తో చిన్న చీటీయో పెడతారు. స్నేహితుడి పక్కన కూర్చోవాలని చోటు మార్చుకుంటే మీ పుట్టగొడుగుల పళ్లెం వేరేవాళ్లకి వెళ్తుంది, వాళ్ల బాతు మీకు వస్తుంది. మారక తప్పకపోతే కార్డు కూడా వెంట తీసుకెళ్లి పెట్టుకుని, వడ్డించేవాళ్లకి ఒక మాట చెప్పండి.

బట్టలు

గౌను ముందు. ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ చదివేవాళ్లకి పొట్టి కామనర్ గౌను, మొదటి పెద్ద పరీక్షలో మంచి ఫలితం తెచ్చుకున్నవాళ్లకి కాలేజీ ఇచ్చే హోదాతో స్కాలర్ గౌను, పీజీ వాళ్లకి ఇంకాస్త పొడవాటిది. కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ విద్యార్థుల గౌన్లు కాలేజీని బట్టి మారతాయి, ట్రినిటీ, కీజ్ వాళ్లవి నీలం. బయటి యూనివర్సిటీ డిగ్రీతో కేంబ్రిడ్జ్ పీజీకి వచ్చినవాళ్లకి వయసు లెక్క: 24 ఏళ్లు నిండకపోతే బీఏ స్టేటస్ గౌను, నిండితే ఎంఏ స్టేటస్ గౌను. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో కాన్వొకేషన్‌కి వేసుకున్న గౌను సూట్‌కేసులో పెట్టుకురావద్దు, ఇక్కడ అది పనికిరాదు. కొత్తది కొనకముందు కాలేజీ పీజీ సంఘంలో, సీనియర్ల దగ్గర పాతది అడగండి. గౌనులో మోజు ఏమీ లేదు, సాసు మరకలు పడేదే.

గౌను లోపల ఏం వేసుకోవాలన్నది ఆహ్వానంలో ఉంటుంది. లౌంజ్ సూట్ అంటే మామూలు ముదురు రంగు సూటు, టై. బ్లాక్ టై అంటే నల్ల డిన్నర్ జాకెట్, నల్ల బో టై. రెండూ ఒకటే అనుకుని పొరపాటు పడేవాళ్లు బోలెడు. డిన్నర్ జాకెట్ కొత్తది కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది, ఊళ్లోని చారిటీ షాపుల్లో పాతవి చవగ్గా వస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో మెట్రిక్యులేషన్ వేడుకకి వేసుకునే సబ్ ఫస్క్, అంటే ముదురు సూటు, తెల్ల చొక్కా, బో టై లేదా రిబ్బన్, కొన్ని కాలేజీల్లో ఆ రాత్రి భోజనానికీ నడుస్తుంది. ఆహ్వానంలో ఏముందో చూసుకోండి.

చాలా ఆహ్వానాల్లో "ఆర్ నేషనల్ డ్రెస్" అని ఉంటుంది. అది మర్యాదకి రాసింది కాదు, నిజంగానే ఒప్పుకుంటారు. మగవాళ్లకి అన్నిటికన్నా సుఖమైనది మెడదాకా గుండీలున్న జోధ్‌పురి కోటు. గౌను దాని మీద చక్కగా నిలుస్తుంది. పంచె కట్టుకోవచ్చు కానీ నవంబరు చలిలో హాలు దాకా నడవాలి, పైగా కండువా కొసలు కొవ్వొత్తి దగ్గర ఊగుతుంటాయి.

చీరకి కొన్ని జాగ్రత్తలు. గౌను భుజాల మీద నుంచి జారుతుంటుంది, దాని కింద పైట ముడతలు పడి లాగుతుంది. పైటని సన్నగా కుచ్చెళ్లు పెట్టి భుజం దగ్గర రెండు పిన్నులు పెట్టి, వెనక కొస నడుము దాటకుండా చూసుకుంటే గౌను లోపల అణిగి ఉంటుంది. హాళ్లలో చాలాచోట్ల కుర్చీలు కాదు, పొడవాటి బెంచీలు. మధ్యలో చోటు వస్తే బెంచీ మీదుగా కాలు దాటించి కూర్చోవాలి. చీరలో అది కష్టం. పేరు కార్డులు లేని భోజనమైతే బెంచీ కొసన కూర్చోండి. ఉంటే మీ వరసవాళ్లకన్నా ముందు లోపలికి వెళ్లి పక్కగా జరుగుతూ చేరండి. షిఫాన్, జార్జెట్ కన్నా పట్టు మేలు. గాలికి ఎగరదు, నిప్పు దగ్గర అంత ప్రమాదమూ కాదు. బల్ల మీదుగా ఏదైనా అందుకునేటప్పుడు గౌను చేతులు కొవ్వొత్తికి తగులుతాయి, ఇది చీరకే కాదు, అందరికీ వర్తిస్తుంది. రాళ్లు పరిచిన నడవల్లో సన్నటి మడమల చెప్పులు ఇరుక్కుంటాయి, మడమ వెడల్పుగా ఉన్నవి వేసుకోండి.

ఆ సాయంత్రం, వరసగా

1. చెప్పిన సమయానికి పది నిమిషాల ముందు చేరండి. ఏడున్నర అంటే ఏడు ఇరవైకి హాలు బయట ఉండాలి. హై టేబుల్ వాళ్లు లోపలికి వచ్చాక తలుపు దాటనివ్వని కాలేజీలున్నాయి. మన పెళ్లిళ్ల టైము ఇక్కడ చెల్లదు.

2. బాత్రూమ్‌కి ముందే వెళ్లి రండి. భోజనం గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది, మధ్యలో లేవడం బాగుండదు. ఫోన్ శబ్దం ఆపి లోపల పెట్టేయండి. ఫొటోలు ప్రార్థనకు ముందే తీసుకోండి.

3. మీ చోటు వెతుక్కుని కుర్చీ వెనకో బెంచీ ముందో నిలబడండి. కూర్చోకండి. నీళ్లు కూడా తాగకండి.

4. గంటో చెక్క సుత్తి చప్పుడో వినిపిస్తుంది, మాటలు ఆగిపోతాయి. హై టేబుల్ వాళ్లు వస్తారు. ఒకరు లాటిన్‌లో ప్రార్థన చదువుతారు. కొన్నిచోట్ల రెండే మాటలు, "బెనెడిక్టస్ బెనెడికాట్", అంతే. కొన్నిచోట్ల పొడుగ్గా సాగుతుంది. మీరు క్రైస్తవులు కాకపోతే తల వంచనక్కర్లేదు, ఆమెన్ అనక్కర్లేదు, నిశ్శబ్దంగా నిలబడితే చాలు. తినబోయే ముందు ఔపోశన పట్టే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వింతగా ఏమీ అనిపించదు.

5. హై టేబుల్ కూర్చున్నాక కూర్చోండి. నాప్కిన్ మడత విప్పి ఒళ్లో వేసుకోండి, మెడలో దోపుకోకూడదు.

6. మీ చుట్టుపక్కల అందరికీ పళ్లెం వచ్చాక తినడం మొదలుపెట్టండి. శాకాహార పళ్లేలు ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి. మీది రాలేదని పక్కవాళ్లు ఆగిపోతే, "ప్లీజ్ స్టార్ట్" అని మీరే అనండి.

7. తీపి తిన్నాక మళ్లీ సుత్తి చప్పుడు, మళ్లీ అందరూ లేవడం, చిన్న ప్రార్థన, హై టేబుల్ వెళ్లిపోవడం. అప్పటిదాకా ఎవరూ కదలరు.

బల్ల మీద

చెంచాలు, కత్తులు, ఫోర్కులు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. మొదటి వంటకానికి అన్నిటికన్నా బయటివి, తర్వాతిదానికి వాటి పక్కవి. పళ్లేనికి పైన అడ్డంగా ఉన్నవి తీపికి. అంతకుమించి కంఠస్థం చేయాల్సిందేమీ లేదు. తికమకపడితే ఎదుటివాళ్లని చూసి అర నిమిషం ఆగండి.

ఎక్కువగా జరిగే తప్పు వేరు: పక్కవాళ్ల బ్రెడ్ తినేయడం. ఇరుకుగా కూర్చున్న బల్ల మీద ఏ బ్రెడ్ పళ్లెం ఎవరిదో తెలియదు. దీనికి బీఎండబ్ల్యూ కారు పేరు గుర్తుంచుకుంటే చాలు. ఎడమ నుంచి కుడికి బ్రెడ్, మీల్, వాటర్. ఎడమ పక్కన ఉన్న బ్రెడ్ మీది, కుడి పక్కన ఉన్న గ్లాసులు మీవి. బ్రెడ్‌ని కత్తితో కోయరు. వెన్న ముందు మీ పళ్లెంలో పెట్టుకుని, బ్రెడ్‌ని చేత్తో ఒక ముద్దంత తుంచి, ఆ ముక్కకే వెన్న రాసుకుని తినాలి. చేత్తో తినగలిగేది ఇదొక్కటే కాబట్టి ఆనందించండి.

సూప్ చెంచాని మన వైపు కాకుండా అవతలి వైపుకి తోస్తూ నింపుకుంటారు, చప్పుడు లేకుండా అంచు నుంచి తాగుతారు. ఊదడం, జుర్రడం రెండూ వద్దు. వేడిగా ఉంటే ఆగడమే.

మెయిన్ దగ్గర అసలు ఇబ్బంది ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో నోట్లో పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి తప్పని నేర్పిన చేతికి అది ఒక్కరోజులో రాదు. ఫోర్కు ఎడమ చేత, కత్తి కుడి చేత పట్టుకుని ఒక్కో ముక్క కోసుకుంటూ తినడం ఇక్కడి అలవాటు. వారం ముందు నుంచి గదిలో ఆమ్లెట్టో చపాతీయో ఉడికించిన బంగాళదుంపో ఇలా తిని చూడండి. నాలుగు పూటల్లో అలవాటవుతుంది. బఠాణీలు ఫోర్కు మీద నిలవవు. వాటిని కత్తితో బంగాళదుంప ముద్దలోకి నొక్కి తీసుకోవాలి. ముక్కలన్నీ ముందే కోసేసి కత్తి పక్కన పెట్టి కుడి చేత్తో ఫోర్కు పట్టుకుని తింటే నవ్వేవాళ్లెవరూ లేరు, అమెరికన్లు చాలామంది అలాగే తింటారు. ఎముక ఉన్న ముక్క వస్తే కత్తితో వచ్చినంత తీసుకుని మిగతాది వదిలేయాలి. మూలుగ ఆశ వదులుకోవాల్సిందే. చేప ముల్లు నోట్లోకి వస్తే ఫోర్కు మీదికి తీసి పళ్లెం అంచున పెట్టండి.

మధ్యలో ఆగినప్పుడు కత్తి, ఫోర్కు పళ్లెం మీద ఎడంగా, ఏటవాలుగా పెట్టాలి. తినడం అయిపోతే రెండూ పక్కపక్కన, ఆరున్నర గంటల ముల్లులా నిలువుగా పెట్టాలి. విస్తరి మడవడం లాంటిదే ఇది, అది చూసే పళ్లెం తీస్తారు. చాలామంది కబుర్లలో పడి రెండూ దగ్గరగా పెట్టేస్తారు, సగం తిన్న పళ్లెం మాయమవుతుంది. ఇంకో తప్పు, ఖాళీ పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి సాయం చేయబోవడం. వద్దు, తీసేది వాళ్ల పద్ధతిలో తీస్తారు. "థాంక్యూ" అనండి చాలు. టిప్పు ఇవ్వరు.

ఉప్పు అడిగితే ఉప్పు, మిరియాలు రెండూ కలిపి అందించాలి. రుచి చూడకుండా ఉప్పు చల్లుకోకూడదు. కారం ఉండదు, అడిగినా దొరకదు. త్రేన్పు వస్తే నాప్కిన్ అడ్డం పెట్టుకుని అణచుకోవాల్సిందే. ఇక్కడ అది మెచ్చుకోలు కాదు.

తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ

కొన్ని కాలేజీల్లో వైన్ టికెట్టులోనే ఉంటుంది, కొన్నిటిలో విడిగా కొనాలి, కొన్నిటిలో బయటి నుంచి తెచ్చుకోవచ్చు, దానికి కార్కేజీ అనే రుసుము ఉంటుంది. ఎలా వచ్చినా మధ్యమధ్యలో పోస్తూనే ఉంటారు. వద్దంటే పోసేవాళ్లు వచ్చినప్పుడు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి "నో థాంక్యూ" అంటే చాలు. గ్లాసు బోర్లించకూడదు. ఎందుకు తాగవని ఎవరైనా రెట్టించి అడిగితే అడిగినవాళ్లదే అమర్యాద. బదులుగా ఎల్డర్‌ఫ్లవర్ షర్బతు లాంటిది చాలాచోట్ల ఉంటుంది.

"ద కింగ్" అని టోస్టు చెబితే అందరితోపాటు లేచి, ఆ మాటే అని, గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి కూర్చోవాలి. జ్యూస్‌తో చేసినా చెల్లుతుంది.

పెన్నీయింగ్ అని ఒక ఆట ఉంది. ఎవరో మీ గ్లాసులో ఒక పెన్నీ నాణెం వేస్తారు. నాణెం మీది రాజుగారు మునిగిపోకుండా మీరు గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగేయాలట. చాలా కాలేజీలు దీన్ని నిషేధించాయి. మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు. పైగా చేతులు మారిన నాణెం పడిన గ్లాసు తాగడం ఏమంత శుభ్రం? నవ్వేసి కొత్త గ్లాసు అడగండి.

భోజనం తర్వాత వేరే గదికి తీసుకెళ్లి పళ్లు, గింజలు, చాక్లెట్లు, పోర్ట్ అనే తీపి వైన్ పెడితే దాన్నే డెజర్ట్ అంటారు. హాల్లో తిన్న తీపిని పుడింగ్ అంటారు. పోర్ట్ సీసా ఎప్పుడూ ఎడమ పక్కవాళ్లకే వెళ్లాలి, ఎవరి దగ్గరా ఆగకూడదు. మీరు తాగకపోయినా ముందుకు జరపాలి. మీ ముందు ఆగిపోయినప్పుడు ఎవరైనా "నార్విచ్ బిషప్ గారు మీకు తెలుసా?" అని అడిగితే తెలియదండీ అని జవాబు చెప్పకండి. సీసా జరపమని సూచన అది.

మాటలు

ఇక్కడ "వాట్ ఆర్ యూ రీడింగ్?" అంటే చేతిలో ఏ పుస్తకం ఉందని కాదు. మన "ఏం చదువుతున్నావు?" అన్నట్టే, ఏ సబ్జెక్టు అని. సబ్జెక్టు పేరు, దాంట్లో మీరు చూస్తున్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పేలా సిద్ధం చేసుకోండి. థీసిస్ మొత్తం చెప్పకండి. స్టార్టర్ అప్పుడు ఒకవైపు, మెయిన్ అప్పుడు రెండోవైపు మాట్లాడితే ఎవరూ ఒంటరిగా మిగలరు. మన ఊళ్లో మొదటి పరిచయంలోనే మామూలుగా అడిగే జీతం, పెళ్లి, మార్కులు ఇక్కడ అడగరు. పేరు ఒకసారికి అర్థం కాకపోతే మళ్లీ అడగడంలో తప్పు లేదు, వాళ్లూ మీ పేరు మళ్లీ అడుగుతారు. ముద్దుపేరు చెప్పి తప్పించుకోకుండా నెమ్మదిగా విడదీసి చెప్పండి.

ఏదైనా తేడా వస్తే

మాంసం పళ్లెం వచ్చిందా? ముట్టుకోకుండా, వడ్డించినవాళ్లని చూసి చిన్నగా చెయ్యెత్తి, మెల్లగా చెప్పండి. ఒకసారి తినడం మొదలుపెట్టాక మార్చడం కష్టం. గౌను మర్చిపోయారా? పోర్టర్స్ లాడ్జ్‌లో, అంటే గేటు దగ్గరి ఆఫీసులో, అడగండి, ఒక్కోసారి అరువు దొరుకుతుంది. ఫోర్కు కింద పడితే వంగి తీయకండి, ఇంకోటి అడగండి. వైన్ ఒలికితే నాప్కిన్ పరిచి వడ్డించేవాళ్లకి చెప్పండి.

లేచేటప్పుడు నాప్కిన్ చక్కగా మడవక్కర్లేదు, పళ్లేనికి ఎడమ పక్కన వదిలేయండి. ఎవరైనా పిలిస్తే వెళ్లినట్టయితే మర్నాడు రెండు వాక్యాల మెయిల్ రాయండి, వచ్చే టర్మ్‌లో వాళ్లని మీ హాలుకి పిలవండి.

గదికి వచ్చాక పట్టుచీర మీద కొవ్వొత్తి మైనం చుక్కలు కనిపిస్తే వేడి నీళ్లు పోయకండి, మైనం కరిగి దారంలోకి ఇంకుతుంది. గోరుతో గీకితే జరీ లేస్తుంది. ఆ భాగాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో అరగంట ఉంచితే మైనం పెళుసై పెచ్చుగా ఊడుతుంది. మిగిలిన జిడ్డు మరక డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలి. గౌను మీద పడితే అంత ఆలోచించక్కర్లేదు, దాని మీద అప్పటికే ఎన్ని చుక్కలున్నాయో కొన్నరోజే చూసి ఉంటారు.